దిష్టి చిలక

“దొంగ ఈ గదిలోనే ఉన్నాడు,” అన్నారు ఆచార్య అజిత్.

ధర్మవరం చేనేత సొసైటీ హాల్లోని నలభై తలలూ ఒక్కసారిగా వెనక బెంచీ వైపు తిరిగాయి. అక్కడ ఇలియాస్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కంప్యూటర్లో డిజైన్ గీసి, దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి మగ్గాలకిచ్చేవాడు అతనే. ఆ చిల్లులు ఎలా చెబితే జరీ అలా నడుస్తుంది.

ఆచార్యులవారు సామాన్యులు కారు. సమాచార సాంకేతికత వల్ల సంపద ఎటు పారుతుందో కనిపెట్టే శాస్త్రంలో ఉద్దండులు. ఒక పేరుమోసిన బిజినెస్ స్కూలుకు అలంకారప్రాయులు. పూర్వం చక్రవర్తులు వేసవి విడిది చేసిన పెనుకొండలోనే, ఒక లాడ్జిలో ఏసీ గది తీసుకుని, సహపరిశోధకురాలు డాక్టర్ స్నేహతో కలిసి ఆర్నెల్లుగా ఈ సీమ మీద జ్ఞానదండయాత్ర సాగిస్తున్నారు. ధర్మవరం డిజైన్లు మగ్గం దిగకముందే ఎక్కడెక్కడి మరమగ్గాలకో ఎలా చేరుతున్నాయన్నది వారు ఛేదించబూనిన దుర్గం.

తెర మీద వారి నివేదిక ముఖచిత్రం వెలుగుతోంది: ఆరడుగుల పట్టు చిలక, ఈ ఊరి డిజైనే. రిమోటు మొరాయించడంతో సాంకేతికతాచార్యులు ముఖచిత్రం దాటి ఒక్క పుటైనా ముందుకు పోలేకపోయారు. కాగితాలు చేతబట్టి, ప్రొజెక్టరు వెలుగుకు అడ్డంగా నిలబడ్డారు. చిలక తల ఉండవలసిన చోట వారి తల నీడ పడింది. పలుకులు సాగుతూనే ఉన్నాయి గనుక సభకు లోటేమీ తెలియలేదు.

“మేం సేకరించినదంతా ఏదీ దాచకుండా వెబ్‌సైటులో లోకానికి తెరిచిపెట్టాం,” అంది స్నేహ. “ఇంతవరకూ పద్దెనిమిది వేలమంది చూశారు. అందులో సగం మంది పడమటి తీరంలోని ఒకే ఒక్క ఊరివారు.”

“అక్కడి విద్యాతృష్ణ అలాంటిది,” అన్నారు అజిత్, సభను జాలిగా చూస్తూ.

“ఈడి కథ చెప్పండి సార్,” కసిరాడు సొసైటీ అధ్యక్షుడు కదిరప్ప. “మగ్గాలు నిలబెట్టి వచ్చినాము.”

ఆచార్యులవారు సమీకరణం చదివారు. అందులోని ఇరవైమూడు చలరాశుల్లో ఇరవైరెండు వీరమరణం పొందగా, ఒక్కటి మిగిలింది.

“ఈ ఆర్నెల్లలో మూడు డిజైన్లు పోయాయి. మూడూ ఇలియాస్ కంప్యూటరు దాటిన తొమ్మిదో రోజుకే నకలయ్యాయి. మా లెక్క తప్పే అవకాశం వందకు ఒకటి.”

“అంటే ఏమి సార్?” అంది ముందు వరసలోని నేతగత్తె హనుమంతమ్మ.

“ఇలియాసే అమ్ముకున్నాడని.”

హాలు భగ్గుమంది. కదిరప్ప సంచిలోంచి ఒక చీర లాగి బల్ల మీద కొట్టాడు.

“హిందూపురం బజార్లో కొన్నా దీన్ని. మనం పద్నాలుగు వేలకిచ్చే చిలకల చీర ఆడ పదైదు నూర్లు! ఏమబ్బా ఇలియాసూ, మా నోట్లో మన్ను కొట్టి ఎంత మిగిలించుకున్యావు?”

“నేనా పని చేసుంటే నా చేతులు పడిపోనీ అన్నా.”

“చేతులు కాదు, ఈపొద్దే నీ మిషన్ రోడ్డున పడాల. ఇంగ ఈ ఊర్లో ఒగ మగ్గం నీ అట్ట ఎక్కించుకోదు. బత్తలపల్లి కాడ టీ బంకు పెట్టుకో, పో!”

“సాక్ష్యం యాడుండాది?”

“సాక్ష్యమా? మీ అవ్వ బుడన్‌బీ నేర్పిన దిష్టి తప్పే సాక్ష్యం!”

ఆ సంగతి ఊరందరికీ తెలిసినదే. ప్రతి డిజైన్లోనూ ఒక బొమ్మకు ఏదో ఒక అవయవం తగ్గించడం ఇలియాస్ ఆచారం. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని, అన్నీ అమరిన వస్తువు ఆ చూపుకు నిలవదని వాళ్ళవ్వ మాట.

“ఈ దొంగ చీరలో కూడా కొంగు మొదట్లో చిలక అవిటిదే,” అన్నాడు కదిరప్ప. “నీ డిజైన్ కాకుంటే ఆ తప్పు యాణ్ణించి వచ్చె?”

“స్థానిక జ్ఞానం మా సమీకరణాన్ని బలపరుస్తోంది,” అన్నారు అజిత్, కాగితం మీద టిక్కు పెడుతూ.

ఇలియాస్ లేచి నిలబడ్డాడు.

“హనుమంతమ్మక్కా, మగ్గాలకిచ్చిన అట్టల్లో చిలకకు ఏమి లేదు?”

“కాలు. కుంటి చిలక అని నా కోడలు దినామూ నగుతాది.”

“కదిరప్పన్నా, సొసైటీ ఆఫీసుకిచ్చిన ప్రింటులో?”

కదిరప్ప హాలు గోడకు పటం కట్టి ఉన్న ఆ ప్రింటు వైపు తిరిగాడు. రోజూ దాని కిందే కూర్చునేవాడు, ఇవాళే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

“కాలుండాది... తోక లేదు.”

“రెండు డిజైన్లు పోయినంక నేనూ పరిశోధన చేసినా అన్నా. మూడోదాన్ని మూడు చోట్లకిచ్చినా. మూడింట్లో మూడు తప్పులు పెట్టినా. ఇప్పుడా చీర చూడండి.”

హనుమంతమ్మ చీర లాక్కుని ఒళ్ళో పరిచింది. ఆమె వేలు జరీ వెంబడి నడిచింది.

“కాలుండాది. తోకుండాది.” వేలు ఆగింది. “కన్ను లేదు!”

“మా సమీకరణంలో కన్ను అనే చలరాశి లేదు,” అన్నారు అజిత్. “ఇది గణితం, చిలకజోస్యం కాదు.”

“మీరుండండి సార్!” కదిరప్ప ఇలియాస్ మీదికి వచ్చాడు. “గుడ్డి చిలకను ఎవరికిచ్చినావు? చెప్పు, వాళ్ళ సామాన్లే రోడ్డున పారేస్తాం!”

“ఒక్కరికేనన్నా. అడిగి మరీ తీసుకున్యారు.” ఇలియాస్ వేదిక వైపు వినయంగా చేతులు జోడించాడు. “సార్, ఒగ రవ్వ పక్కకు జరగండి.”

ఆచార్యులవారు విసుగ్గా ఒక అడుగు పక్కకు వేశారు. వారితోపాటు నీడా జరిగింది.

తెర మీది చిలకకు కన్ను లేదు.