చేతులు చూసే మనిషి

ఆ పొద్దున ఆకాశం సముద్రం మీద నల్లగా కమ్ముకుని, ఇదిగో వాన అని ఊరించి, హరినాథ్ ఆటో దిగేసరికి మాట మార్చేసింది. ఎండ మాడు మీదికొచ్చి కూర్చుంది.

జువ్వలదిన్నెకు రావడం అతనికదే మొదలు. సుభాషిణిని తనకిమ్మని వాళ్ళ నాయన గంగులయ్యను అడగడానికి వచ్చాడు. ఆమె నెల్లూరు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి మధ్యాహ్నానికి వస్తానంది.

"నువ్వు ముందే పోయి మా నాయనతో మాట కలుపు. నువ్వొస్తావని ఇంట్లో చెప్పే ఉండా. పండ్లూ స్వీట్లూ తీసకపోబాక, ఆయనకి గిట్టవు. మాటలు చూసే మనిషి కాదాయన, చేతులు చూస్తాడు."

ఆయన పడవలో పనికి కొత్త మనిషి వస్తే పేరయినా అడగడట. తెగిన వల చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంటాడట.

కోవూరు వరిమళ్ళ మధ్య పుట్టినా హరినాథ్ చేతులు మెత్తనివి. కార్ల షోరూంలో అమ్మకాల ఉద్యోగం. బానెట్ ఎత్తి "చూశారా సార్, ఎంత శుభ్రంగా ఉందో" అనడంతో అతని ఇంజన్ విద్య సరి.

చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. గంగులయ్య వాకిట్లో పాత కారు పక్కన నిలబడి ఉన్నాడు.

"నెల్లూరు నుంచేనా?"

"అవునండీ. నేను..."

"తెలుసులేబ్బా. ఫోన్లో చెప్పినారు. పానాలు తెచ్చుకోలా?"

"లేదండీ."

గంగులయ్య అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "సరే, బోటు బోల్టులు తిప్పే పానాలుండాయి. కొత్త మానిఫోల్డూ, థ్రాటిల్ బాడీ ఆ అట్టపెట్టెలో ఉండాయి. పాతవి పీకి అవి బిగించు."

హరినాథ్‌కు విషయం అర్థమైపోయింది. మామ వలకు బదులు కారిచ్చాడు!

మానిఫోల్డంటే ఇంజన్లోకి గాలి పంచే గొట్టాల గుత్తి అనీ, థ్రాటిల్ బాడీ అంటే ఆ గాలికి తలుపనీ బ్రోచర్ల పుణ్యమా అని అతనికి తెలుసు. అవి ఎక్కడుంటాయో బ్రోచర్లో రాయరు. ఇంజన్లోకి తల దూర్చి, ఫోన్ను బ్యాటరీ పక్కన దాచి, చప్పుడు లేకుండా వీడియో పెట్టుకున్నాడు. వీడియోలో మనిషి నవ్వుతూ పీకాడు. హరినాథ్ ఏడుస్తూ పీకాడు.

మొదటి బోల్టు జారి ఇసుకలో కలిసింది. దానికోసం కారు కిందికి దూరితే బోల్టు దొరికింది గానీ ప్యాంటు చిరిగింది.

గడప దగ్గర చేపలు తోముతున్న సుభాషిణి తల్లి గురవమ్మ నోరు నొక్కుకుంది. "ఏందయ్యా ఈ పిల్లోడు, కారుకి సాష్టాంగపడతా ఉండాడు!"

"నువ్వూరుకోమే. చూడనీ."

పాత మానిఫోల్డు ఊడిరాగానే ఇంజనుకు నాలుగు నోళ్ళు తెరుచుకున్నాయి. సముద్రపు గాలికి ఇసుక లేస్తోంది. రవ్వంత లోపల పడినా ఇంజనూ పోతుంది, పిల్లా పోతుంది. చుట్టూ చూశాడు. గుడ్డ పేలిక కనపడలేదు. ఈ రోజుకోసమే కొన్న తెల్లచొక్కా విప్పి కుక్కాడు. రెండు చేతులూ, కాలరూ, అంచూ సరిగ్గా నాలుగింటికీ సరిపోయాయి. దర్జీ అంత దూరం ఆలోచించి కుట్టాడేమో.

బనీనుతో నిలబడిన అతన్ని చూసి గంగులయ్య దగ్గాడు. అది దగ్గో, నవ్వో తెలియలేదు.

"ఈ పనికి కొత్తా?"

"కొత్తేనండీ."

"తెలస్తానే ఉంది. అయినా పారిపోకుండా నిలబడ్డావు చూడు, అది చాల్లే."

ఆ ఒక్క మాటతో హరినాథ్‌కు ఏనుగెక్కినట్టయింది. చొక్కా పీకడం మరిచిపోకుండా కొత్తవి రెండూ బిగించాడు. అన్నీ అయ్యాక ఒక బోల్టు మిగిలింది. ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు.

తాళం తిప్పాడు. కారు మూలిగింది. మళ్ళీ తిప్పాడు. తుమ్మింది. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కి మరోసారి తిప్పితే, గొంతు సవరించుకుని, పాడటం మొదలెట్టింది.

"కాళ్ళూ చేతులూ కడుక్కోబ్బా. అన్నం తిందువుగాని," అన్నాడు గంగులయ్య.

సుభాషిణి ఇంకా రాలేదు. ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. గురవమ్మ చేపల పులుసులోని తలకాయ ముక్క ఏరి హరినాథ్ కంచంలోనే వేసింది. అతని కళ్ళు చెమర్చాయి. కారం అనుకుంటారులే అని తల దించుకుని తిన్నాడు. ఇంట్లో మనిషి పక్కన ఇంట్లో మనుషులు తిన్నట్టే తింటున్నారు.

చివరి ముద్ద మింగి గంగులయ్య పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఏమే, ఈ మెకానిక్కబ్బాయి పనీ చేసినాడు, అన్నమూ తినేసినాడు గానీ, మన పాపను చేసుకుంటానని వస్తానన్న ఆ పిల్లోడు ఇంకా రాలేదేందే?"