రాజు చచ్చే రీలు

"బావా, కొంప మునిగింది. మ్యాట్నీకి డైరెక్టర్ వచ్చాడు," అన్నాడు గేటు దగ్గర టిక్కెట్లు చింపే బామ్మర్ది, ప్రొజెక్టర్ గది తలుపు మూస్తూ.

ఆపరేటర్ చేతిలోని రీలు డబ్బా జారి బొటనవేలి మీద పడింది. నొప్పి సంగతి అతనికి తర్వాతగాని తెలియలేదు.

"ఏ డైరెక్టరు?"

"ఈ సినిమా తీసినాయనే. బాల్కనీలో మొదటి వరసలో కూర్చున్నాడు. పక్కన ఎవరో పెద్దమనిషి."

ఆ సినిమాలో యోధులు ఇనుప కవచాలు తొడుక్కుని, గుర్రాల బదులు మోటారుసైకిళ్ళెక్కి, బల్లేలతో తలపడతారు. ఓడినవాడు దిగి, గెలిచినవాడి బండి తుడవాలి. విడుదలైనప్పుడు వారం తిరక్కుండానే డబ్బాలు వెనక్కొచ్చాయి. అలాంటిది, ఈ హాల్లో మాత్రం ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం మ్యాట్నీ నిండుతోంది. జనం రేకు కవచాలు తొడుక్కుని బళ్ళమీద దిగుతారు. వాళ్ళ సేనాపతి మామూలు రోజుల్లో పళ్ళ డాక్టరు.

ఈ భక్తికంతటికీ కారణం ఒక్కటే. సరిగ్గా ఇంటర్వెల్ ముందు రాజు బల్లెం పోటు తిని చచ్చిపోతాడు. ఇంటర్వెల్ కాగానే ఏమీ జరగనట్టు బండెక్కి వస్తాడు. ఎలా వచ్చాడో ఎవరూ చెప్పరు. హాలంతా లేచి నిలబడి రేకు డాళ్ళు మోగిస్తుంది. "ధర్మానికి చావులేదని ఎంత బాగా చెప్పాడండీ," అంటూ పళ్ళ డాక్టరు వారం వారం కళ్ళు తుడుచుకుంటాడు.

అసలు సంగతి బావా బామ్మర్దులకే తెలుసు. డబ్బాల మీది చీటీలు ఊడిపోయి, మొదటి ఆటనాడు ఆపరేటర్ ఏడో రీలుకు బదులు, రాజు చచ్చే చివరి రీలు ఎక్కించాడు. రాజు బండిమీద కొండలు దాటిపోయే ఏడో రీలు చివరికి చేరింది. చప్పట్లు మోగాక ఇక దిద్దడానికి చేతులు రాలేదు.

"ఇప్పుడేం చేస్తావు బావా?"

"ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. తీసినవాడి కళ్ళముందే తప్పుగా ఆడిస్తే, రేపు ఏ హాల్లో మొహం చూపించను? ఇవాళ సరిగ్గానే వేస్తాను."

"కింద నూటయాభై మంది బల్లేలు పట్టుకుని కూర్చున్నారు."

"అవి చీపురుకర్రలేలే."

"చీపురుకర్రతో కొట్టినా నొప్పే కదా."

ఆపరేటర్ వినలేదు. ఏడో రీలు ఏడో రీలుగానే తిరిగింది. రాజు నిక్షేపంగా కొండలు దాటిపోయాడు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఇంకా చావడేంటి ఈయన?" అన్నారెవరో.

పళ్ళ డాక్టరు కుర్చీ ఎక్కి వెనక్కి తిరిగాడు. "ఆపరేటర్‌గారూ, మా రాజుని మర్యాదగా చంపండి," అని అరిచాడు. వెంటనే డాళ్ళన్నీ మోగాయి. ఇంటర్వెల్ లైట్లు వెలిగినా ఆ మోత ఆగలేదు.

మెట్లమీద అడుగుల చప్పుడైంది. బామ్మర్ది డబ్బాల వెనక నక్కాడు. తలుపు తోసుకుని డైరెక్టర్ లోపలికొచ్చాడు. నెరిసిన గడ్డం, చెమటకు తడిసిన చొక్కా.

"రీళ్ళు మార్చిందెవరు?"

ఆపరేటర్ రెండు చేతులూ జోడించాడు. "బాబూ, మార్చింది ఇవాళ కాదు, ఎనిమిదేళ్ళ కిందట. మీరొచ్చారని ఇవాళే దిద్దాను. ఇప్పుడు ఆడుతున్నది మీరు తీసింది తీసినట్టే. ఓనరుగారికి చెప్పాలనుకుంటే చెప్పండి, నా తప్పు నేను ఒప్పుకుంటాను." ఆ మాట అనగానే ఎనిమిదేళ్ళ బరువు దిగినట్టు అనిపించింది.

డైరెక్టర్ తలుపు గడియ పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"తీసినవాణ్ణి, నాకు తెలీదటయ్యా? నాలుగేళ్ళుగా రేకు టోపీ పెట్టుకుని వెనక వరసలో కూర్చుంటున్నాను. ముందు ఆ చచ్చే రీలు ఎక్కించు. ఏడోది మళ్ళీ చివర్లో వెయ్యి."

"జనం ఏడోది ఇప్పుడే చూశారు కదండీ. రెండోసారి వేస్తే ఏమనుకుంటారు?"

"దానికి అర్థం పళ్ళ డాక్టరు చెబుతాడులే. త్వరగా కానీ. నా పక్కన కూర్చున్నాయన ఈ సినిమాకి తీయబోయే రెండో భాగానికి నిర్మాత, నేను చెప్పిన కథలో రాజే హీరో."