వందన ఎక్కిన స్కూటరు

ట్యూషన్ వదిలాక యుగంధర్ స్కూటరు వెనక వందన ఎక్కి కూర్చుంటే నా ఒళ్ళు భగ్గున మండింది. ముగ్గురం పన్నెండో క్లాసు. అతనికి నేనంటేనే ఇష్టమని ఏడాదిగా నమ్ముకుని ఉన్నాను. వందన అతని భుజం మీద చెయ్యి వేసి, నాకేసి చూసి నవ్వింది.

"చలో, రేపు కలుద్దామే!" అంది.

"పో" అన్నాను.

సుపేలా బజారు దాటేలోపే ఆగి ఉన్న లారీని గుద్దేశాడు. యుగంధర్ అక్కడికక్కడే పోయాడు. పదిహేడేళ్ళు. లైసెన్సు లేదు, ఆ స్కూటరు వాళ్ళ నాన్నది. కడుపులో బీరు ఉందని పోస్టుమార్టంలో తేలింది. వందనకి కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఇరవై రోజుల వరకు ఆస్పత్రికి వెళ్ళే ధైర్యం రాలేదు. వెళ్ళగానే వందన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు నాకు ఒకటే జలుబు. వాడు తాగొచ్చాడని తెలీనేలేదు. నిన్ను ఎక్కమన్లేదు, అదే నయం. బతికిపోయావే!"

ఆమె నాకోసం సంతోషిస్తోంది. అది భరించలేకపోయాను.

"ముందు నన్నే ఎక్కమన్నాడు, వందనా. నువ్వు ఇంకా లోపలే ఉన్నావు. దగ్గరికొచ్చి మాట్లాడేసరికి గుప్పున వాసన కొట్టింది. నేను రానన్నాను. అప్పుడు నిన్ను పిలిచాడు."

వందన నా చెయ్యి వదిలేసింది.

"మరి నాకు చెప్పలేదేటే?"

"చెబితే దిగిపోయేదానివే. నాకు తెలుసు. కానీ నువ్వలా కూర్చునేసరికి కుళ్ళుకున్నాను. పడితే పడనీ అనుకున్నాను."