పేరుపట్టీ

“ఆ బూట్లు మార్చు పాపా. పేదపిల్ల కాళ్లకి అంత మెరుపుండదు,” అన్నాడు లోరిమర్. ఆ బోర్డింగ్ స్కూల్లో డబ్బు వ్యవహారమంతా ఆయనదే.

హెడ్‌మాస్టర్ కూతురు ఇమోజెన్ మూతి ముడిచింది. “ఈ పాత కోటు కంపు కొడుతోంది, అంకుల్.”

“అరగంట ఓర్చుకో. గార్‌సైడ్ ముసలావిడ పేదపిల్లల చదువుకని ఇల్లమ్మి ఇచ్చిన డబ్బుతోనే నీ ఫీజు కడుతున్నాం. ఆ డబ్బుతో చదివే పేదపిల్లని చూస్తానని టీకి వస్తోంది. చూపించొద్దూ?”

గార్‌సైడ్ వచ్చింది. తాను చేసిన కేకు ఇమోజెన్ చేతిలో పెట్టింది. “మీ అమ్మ ఏం చేస్తుంది తల్లీ?”

“ఆస్పత్రిలో గదులు తుడుస్తుందండీ, పాపం,” లోరిమర్ అందుకున్నాడు.

ముసలావిడ ఆ పిల్ల కాలరు సర్దబోయి ఆగింది. హాస్టల్ పిల్లల ప్రతి బట్టకీ పేరుపట్టీ కుట్టి ఉండాలి. ఈ కోటు పట్టీ మీద వేరే పేరు, ‘హెచ్. పెల్హామ్’ అని ఉంది.

“పాతది కొన్నారు కదండీ... పట్టీ ఇంకా మార్చలేదు,” నసిగాడు లోరిమర్.

“మా అమ్మా గదులు తుడిచేది. నేనూ ఎవరో ఇచ్చిన డబ్బుతోనే ఇక్కడ చదివాను. పాత కోటు కొన్న రాత్రే ఆ పేరు విప్పి, నా పేరు కుట్టాకే అమ్మ పడుకునేది. ఇంకొకళ్ల పేరుతో నన్ను బడి గడప తొక్కనివ్వలేదు.”

గార్‌సైడ్ ఇమోజెన్ వైపు తిరిగింది.

“కేకు నువ్వే తిను తల్లీ, నీ తప్పేం లేదు,” అంటూ ఆవిడ ఇమోజెన్ ఒంటిమీది కోటు విప్పి లోరిమర్ ఒళ్లో పడేసింది.

“మళ్లీ చందాకి వచ్చేటప్పుడు దీన్ని మీరే తొడుక్కుని రండి.”