ఒక్కరికే సరిపడే మందు

“ఆ ఝాన్సీ నర్సు కాదు, కసాయిది,” అన్నాడు కొండబాబు టీ గ్లాసు బల్లమీద కొడుతూ. టీ కొట్టు దాసు ఈ మాట చాలాసార్లు విన్నాడు. అయినా బేరం పోకూడదని మళ్లీ విన్నాడు.

మొన్నటి తుపానుకి చెట్లు పడ్డాయి, కరెంటు స్తంభాలు పడ్డాయి. కొండబాబులో జాలి మాత్రం లేచి నిలబడింది. ఆ పొద్దున రావికమతం వైపు నుంచి వరదనీళ్లలో ట్రాక్టరు తోలుకుని చోడవరం ఆస్పత్రికి ఇద్దరిని తెచ్చాడు. ఒకరు బంగార్రాజు అనే ముసలాయన. రెండోది, దారిలో ఎక్కించుకున్న చిన్నతల్లి, ఎక్కడినుంచో చెరుకు కొట్టడానికొచ్చిన కూలీల పిల్ల. ఇద్దరినీ పామే కరిచింది. నీళ్లొస్తే ఉన్నవాళ్లు మేడలెక్కుతారు, పాములు పాకల్లో దూరతాయి.

డాక్టరు కూలిన చెట్లకి అవతల చిక్కుకున్నాడు. ఫోన్లు పలకడం లేదు. పాముకాటు మందు ఒక్కరికే సరిపడేంత ఉంది. ఎవరికివ్వాలో ఝాన్సీయే తేల్చాలి.

ఆవిడకా శ్రమ లేకుండా కొండబాబే తేల్చేశాడు. ముసలాయన మంచం పక్కనే నిలబడి చెప్పాడు.

“గుంటకి ఇయ్యమ్మా. దానికి బోలెడు బతుకుంది. ఈ ముసలోడు సూడాల్సినవన్నీ సూసేసేడు. పోయినా ఏడిసేవోళ్లు లేరు.”

“ఈయన మీకేటవుతారు?”

“ఏటవుతాడు, ఊళ్లో మడిసి.”

ఝాన్సీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పిల్లకి కాలు వాచింది గాని గొంతెత్తి ఏడుస్తోంది. ముసలాయనకి రెప్పలు లేవడం లేదు, ఊపిరి అందడం లేదు.

“వయసు చూసి ఇవ్వను బాబూ. ఊపిరి చూసి ఇస్తాను,” అని మందు ముసలాయనకి ఎక్కించింది. తర్వాత వెళ్లి పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది. దాని రెప్పలు కూడా వాలితే ఇవ్వడానికి ఏమీ లేదని ఆవిడకి తెలుసు. ఆ చెయ్యి వదల్లేదు.

కొండబాబు వరండాలో నిలబడి, పేదపిల్ల ప్రాణానికి విలువ లేదా అని ఆస్పత్రి అదిరేలా నిలదీశాడు. పరాయి పిల్లకోసం ఎంత తపనో అని ఆయాలు కళ్లు తుడుచుకున్నారు.

మర్నాటికి పిల్లకి విషం ఎక్కలేదని తేలింది. ముసలాయన లేచి కూర్చుని గంజి అడిగాడు. కొండబాబు మాత్రం నర్సుమీద కలెక్టరుకి అర్జీ పెట్టాడు.

“ఇద్దరూ బతికేరు గదా బాబూ,” అన్నాడు దాసు గ్లాసు కడుగుతూ. “మరి నీకేటి పోయింది?”



రెప్పలెత్తలేకపోయినా అన్నీ విన్న ముసలాయన, అంటే కొండబాబు సొంత పెదనాన్న, తన తర్వాత అతనికిస్తానన్న రెండెకరాల ముప్పై సెంట్లూ ఇవ్వనన్నాడు.