పంజా పట్టని చేయి

జంపఖానా నేస్తున్న సరోజన చేతిలోంచి, పోగులు బిగగొట్టే ఇనుప పంజా మళ్లీ జారిపడింది. ఆమెకిప్పుడు ఏడో నెల. వేళ్లు తిమ్మిరెక్కి, మణికట్టులో సూదులు గుచ్చుతున్నట్టుంది.

"అక్కనే అత్తా! నా చెయ్యి పట్టి గుంజుతాంది," అని ఏడ్చింది.

ఆ మగ్గం తోడికోడలు కౌసల్యది. నిరుడు కాన్పులో పోయింది.

"దాని పనే," అంటూ అత్త రాజవ్వ ఆమె మణికట్టుకు తాయెత్తు బిగించి కట్టింది.

అప్పుడే గర్భిణులను చూడవచ్చిన నర్సమ్మ ఆ చెయ్యి పట్టి చూసింది.

"దయ్యం లేదు, గియ్యం లేదు పిల్లా. కడుపుతోనున్నప్పుడు ఒంటికి నీరొచ్చి ఈడ నరం నొక్కుకపోతది. చానమందికి కాన్పైనంక తగ్గుతది. అందాక పంజా ముట్టకు. ముందుగాల ఈ తాడు ఇప్పు, ఇంకింత నొక్కుతాంది."

సరోజనకు ప్రాణం లేచొచ్చింది. "ఇన్నవా అత్తా? అక్క కాదట!"

రాజవ్వ నవ్వలేదు. వంగి తాయెత్తు తాడు విప్పింది.

"అదీ ఇట్లనే పంజా జారిడిసేది బిడ్డా. పనిదొంగ నాటకాలని, దాని చేతికి పంజాను గుడ్డతోని కట్టి నేయించిన."

విప్పిన తాయెత్తును రాజవ్వ తన మణికట్టుకు కట్టుకుంది.