సోమవారానికి సివిక్స్

“అగ్రికల్చర్ అడిగితే లా ఇచ్చారండి,” అంది మాణిక్యం, అరటిపళ్ళ గంప గుమ్మంలో దింపుతూ.

జ్ఞానప్రసూనాంబ నవ్వు ఆపుకుంది. గుండుగొలను హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు సివిక్స్ చెప్పి, రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో స్థిరపడిన టీచరు ఆవిడ. మాణిక్యం కొడుకు భానుప్రకాష్ ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే.

“సీటంటే వాళ్ళ నాన్నగారి పేరు చూసి ఇచ్చేశారు. నేర్చుకోవాల్సింది మాత్రం వీడే కదండీ. సోమవారం అందరి ముందూ నిలబడి చెప్పాలంట. మధ్యలో ప్రశ్నలు కూడా వేస్తారంట. కిందటిసారి పక్కనున్నాయన చీటీలందించి గట్టెక్కించాడు. ఈసారి ఆయన కూడా లేడండి.”

“ఏ పాఠం?”

“బిల్లు చట్టమెలా అవుతుందీ అనండి. మీరు చెప్పిన రోజున వీడు ఊడ్పుల్లో ఉన్నాడంట.” మాణిక్యం గొంతు తగ్గించింది. “ట్యూషనని బయట తెలియనివ్వకండి. నవ్వుతారు.”

మర్నాడు తెల్లారగానే భానుప్రకాష్ పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. వెంట వచ్చినవాళ్ళు వీధి చివర కార్లోనే ఉండిపోయారు. జ్ఞానప్రసూనాంబ ముందు అతని ఫోను లాక్కుంది. తర్వాత బల్లకి ఒక పక్కన కూర్చోమంది. రెండో పక్కన ఆవిడ మనవరాలు స్పందన పదో తరగతి లెక్కలు చేసుకుంటోంది.

“బిల్లంటే ఏంటి?”

“హోటల్లో ఇచ్చేది కాదని తెలుసండి.”

స్పందన కిసుక్కుమంది. ఆవిడ నవ్వలేదు.

మొదటి రోజు అతను గవర్నరు సంతకమయ్యాక బిల్లుని మండలికి పంపాడు. రెండో రోజు గెజిట్‌లో వేశాక చర్చకి పెట్టాడు. రెండుసార్లూ స్పందనే సరిదిద్దింది. మూడో రోజుకి అతని చెవులు ఎర్రబడ్డాయి.

“నాకెక్కదండి ఇది. మానేస్తాను,” అంటూ లేచాడు.

“కూర్చో భానూ. ధాన్యాన్ని అలాగే వండుకు తింటామా?”

“మిల్లాడించాలి కదండీ.”

“ఇదీ అంతే. ప్రవేశపెట్టడమంటే ధాన్యం మిల్లుకి తోలడం. తర్వాత?”

“మట్టీ రాళ్ళూ ఏరాలండి. క్లాజుల వారీ చర్చంటే అదేనా?”

“అదే. శాసనసభ ఒప్పుకున్నాక?”

“మండలి. అంటే రెండో మర. అక్కడ ఆపేస్తేనండి?”

“ఆలస్యం చేయగలరు. ఆపలేరు.”

“గవర్నరుగారు బస్తాకి సీలేస్తారు. వెయ్యనంటే?”

“రాష్ట్రపతికి పంపొచ్చు. లేదా ఒకసారి వెనక్కి పంపొచ్చు. సభలు మళ్ళీ పాస్ చేసి పంపితే మాత్రం ఒప్పుకోవాల్సిందే.”

“గెజిట్‌లో పడితే అంగట్లోకి వచ్చినట్టు,” అన్నాడతను, ఎవరూ అడక్కుండానే.

స్పందన లెక్కలాపి అతని వైపు చూసింది.

ఆదివారం, ఆఖరి రోజు, అంతా గడగడా ఒప్పజెప్పేశాడు. అయినా మొహంలో తృప్తి లేదు.

“ఒక్క సంతకంతో అయిపోయేదానికి ఇంతమంది చేతులెందుకండీ?”

“ఒక్కరైనా చదువుతారని,” అంది ఆవిడ. “నీ చేతిలో ఉన్నది నువ్వు చదివావా?”

“ఇంకా లేదండి.”

చేతిలో ఉన్నది ముంపు పరిహారం బిల్లు. పద్దెనిమిది పేజీలు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి పైకి చదివించింది. స్పందనకి ఆవలింతలొచ్చాయి. పదకొండో పేజీలో అతను ఒక లైను మీద వేలు పెట్టి ఆగాడు.

“ఇదేంటండీ. చేను మునిగిన నెల లోపల రైతు నష్టం కొలిచి దరఖాస్తు పెట్టుకోవాలంట. కొల్లేరు పొంగితే మా చేల్లో నీళ్ళు తీయడానికే రెండు నెలలు పడుతుంది. గట్లే కనపడని చేనుని ఎక్కణ్ణించి కొలుస్తాడండి?”

“అయితే?”

“నీళ్ళు తీసిన రోజు నుంచి నెల అనాలండి.”

“దాన్నేమంటారు?”

స్పందన నోరు తెరిచేలోపే అతను అనేశాడు. “సవరణ.”

ఆ నాలుగు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు.

“రేపు ఇది కూడా చెప్పేస్తానండి,” అన్నాడు కాగితాలు సర్దుకుంటూ. “తెచ్చినవాడే తప్పుందంటున్నాడని నవ్వుతారేమో.”

“నవ్వనీ. నువ్వు మాత్రం మధ్యలో ఆపకు.”

సోమవారం ఆవిడ ఇడ్లీ పళ్ళెం పక్కకి జరిపి కుర్చీ ముందుకు లాక్కుంది. స్పందన స్కూలుకి వెళ్ళకుండా పక్కనే కూర్చుంది. గడియారం పది కొట్టింది.

“ముంపు పరిహారం బిల్లును ఇప్పుడు న్యాయశాఖ మంత్రి శ్రీ భానుప్రకాష్ సభలో ప్రవేశపెడతారు,” అన్నారు టీవీలో స్పీకరు.